ఈ జెల్ల కొత్తదేనా?

చెన్నైలో చెరువు చేప కొనే తెలుగువాళ్లకు చిన్న భాషా చిక్కు ఒకటుంది. రెడ్‌హిల్స్ వైపు రోడ్డు పక్కన బుట్ట పెట్టుకుని కూర్చున్నామెను "జెల్లలున్నాయా అక్కా?" అని అడిగితే, ఆమె గుమ్మిడిపూండి వైపు తెలుగు మనిషైతే వెంటనే అర్థమవుతుంది. తమిళం మాత్రమే తెలిసినామె అయితే ఒక క్షణం చూసి, మీసాలున్న చేపను తలపట్టి పైకెత్తి "కెళుత్తియా?" అంటుంది. బేరం కుదురుతుంది. చేపకు మూడు ముళ్లుంటాయి, వెన్ను మీద ఒకటి, రెండు పక్కలా రెండు. అవి గుచ్చుకుంటే చెయ్యి సాయంత్రం దాకా సలుపుతుందని కర్రతోనో పట్టకారుతోనో ముందే విరిచేసి ఉంచుతారు. ఆ బుట్టలో ఉన్నది ఒకే రకం జెల్లా, మూడు రకాలు కలిశాయా అన్నది అమ్మేవాళ్లకూ అక్కర్లేదు, కొనేవాళ్లకూ అక్కర్లేదు. పులుసులోకి అన్నీ ఒకటే.

ఆ తేడా అవసరమయ్యేవాళ్లు వేరే ఉన్నారు. వాళ్లు బుట్టలోకి తొంగిచూస్తే ముందు కళ్లు పోయేది చేప వీపు మీదికి. ముల్లున్న వెన్ను రెక్క వెనకాల, తోకకు ముందు, ఎముక లేకుండా మెత్తగా ఇంకో రెక్క ఉంటుంది. కొవ్వు రెక్క అంటారు. అది వెన్ను రెక్కకు ఆనుకునే మొదలైందా, మధ్యలో ఖాళీ ఉందా, ఎంత పొడుగుంది? ఒక జెల్లకూ ఇంకో జెల్లకూ తేడా చెప్పడం అక్కడ మొదలవుతుంది. ఎక్కడ ముగుస్తుందన్నది మాత్రం అంత తేలిగ్గా చెప్పలేం.

"కొత్త జాతి చేప దొరికింది" అని పేపర్లో నాలుగు లైన్ల వార్త వస్తే, ఎవరూ ఎన్నడూ చూడని చేపను ఎవరో కొండవాగులోంచి పట్టుకొచ్చారనుకుంటాం. అలాంటివీ ఉంటాయి. కానీ ఎక్కువసార్లు ఆ చేపను ఊళ్లోవాళ్లు తరాలుగా తింటూనే ఉంటారు. శాస్త్రం లెక్కల్లో మాత్రం అది ఏదో పాత పేరు కింద కలిసిపోయి ఉంటుంది. ఆ పాత పేరు దీనిది కాదని తేల్చడమే అసలు పని. ఆస్తి కేసు లాంటిదే ఇది. పాత దస్తావేజులు తిరగెయ్యాలి, హద్దులు చూడాలి, చనిపోయినవాళ్లు ఏ ఉద్దేశంతో ఏం రాశారో అర్థం చేసుకోవాలి. మంచినీటి చేపల్లో మీసాల చేపల దస్తావేజులు మరీ చిక్కుగా ఉంటాయి.

తరంగంబాడి దస్తావేజు

జెల్లల ప్రజాతి పేరు మిస్టస్. వీటిలో అందరికీ తెలిసిన చారల జెల్ల మిస్టస్ విట్టాటస్. దానికి ఆ జాతి పేరు పెట్టింది 1794లో, మార్కస్ ఎలీజర్ బ్లాక్ అనే బెర్లిన్ వైద్యుడు. ఆయన మన దేశం ఎప్పుడూ రాలేదు. చెన్నైకి దక్షిణాన, కావేరి డెల్టా అంచున ఉన్న తరంగంబాడి అప్పట్లో డేనిష్ వాళ్ల చేతుల్లో ఉండేది. అక్కడి మిషనరీ క్రిస్టోఫ్ సామ్యూల్ జాన్ చేపలను సారాయిలో పెట్టి ఓడలో పంపితే, బెర్లిన్‌లో కూర్చుని బ్లాక్ వాటికి బొమ్మలు వేయించి పేర్లు పెట్టాడు. ఆయన సేకరణ ఇప్పటికీ బెర్లిన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉంది.

అప్పటి వర్ణన అంటే కొన్ని వాక్యాలు, ఒక రంగుల బొమ్మ. అప్పటికి ఆ వర్ణన సరిపోయింది, పోల్చడానికి ఇన్ని జెల్లలు తెలియవు కాబట్టి. ఇప్పుడు అదే చిక్కు. ఆంధ్ర వైపు నాగలాపురం కొండల దగ్గర అరణియార్ నదిలో కలిసే ఒక వాగులో కొంచెం తేడాగా కనిపించే చారల జెల్ల దొరికిందనుకుందాం. అది కొత్తదని రాయాలంటే, ముందు 'విట్టాటస్ అంటే సరిగ్గా ఏ చేప' అన్నది తేలాలి. దేశమంతటా చారలున్న చిన్న జెల్ల కనిపిస్తే చాలు విట్టాటస్ అని రాసుకుంటూ పోయారు. గంగలోనూ అదే, గోదావరిలోనూ అదే, కేరళలోనూ అదే పేరు. నిజంగా అదంతా ఒకే చేపైతే తరంగంబాడి నుంచి వచ్చిన ఆ చేపతో సరిపోవాలి. సరిపోనివి వేరే జాతులు కావచ్చు. వాటిలో కొన్నిటికి ఎవరో ఎప్పుడో పెట్టిన పేరు మూలన పడి ఉండొచ్చు కూడా. 2010లో అలాంటిదే జరిగింది. మిస్టస్ కార్సియో అని, గంగానది చేపల మీద పుస్తకం రాసిన హామిల్టన్ 1822లో పెట్టిన పేరును చాలా కాలం విట్టాటస్‌లో కలిపేశారు. అది వేరే చేపేనని మళ్లీ చూపించి ఆ పేరును నిలబెట్టారు. కొత్త పేరు పెట్టే అవకాశం అక్కడ లేదు. పేర్ల నియమావళిలో ముందు పుట్టిన పేరుదే హక్కు. 1758లో లిన్నేయస్ పుస్తకం పదో కూర్పు నుంచి ఇప్పటిదాకా వచ్చిన పేర్లన్నీ ఈ లెక్కలోకి వస్తాయి.

అందుకే ఈ పనిలో ఉన్నవాళ్లు చెరువు గట్టు మీద కన్నా పాత పుస్తకాల ముందే ఎక్కువసేపు కూర్చుంటారు. ఆ పుస్తకాల్లో తెలుగువాళ్లకు సంబరం కలిగించే విషయం ఒకటుంది. పాట్రిక్ రసెల్ అనే కంపెనీ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి 200 చేపల బొమ్మలు, వర్ణనలు చేయించి 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. రక్తపింజరను ఇంగ్లిష్‌లో పిలిచేది ఈయన పేరుతోనే. ఆ పుస్తకంలో చేపలకు లాటిన్ పేర్లు పెట్టకుండా, అక్కడి జాలర్లు చెప్పిన తెలుగు పేర్లనే వినిపించినట్టు రాసుకున్నాడు. తర్వాతి వాళ్లు ఆ మాటలనే పట్టుకుని లాటిన్ చేశారు. మన వాలుగ అలాగే వల్లాగో అయింది. ఈ రోజుకీ ప్రపంచమంతా ఆ ప్రజాతిని ఆ పేరుతోనే పిలుస్తుంది. తమిళం వాటా కూడా ఉంది. పాండిచ్చేరి జెల్ల ఒకదానికి 1840లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త వాలెన్సియెన్ పెట్టిన కెలేటియస్ అనే పేరులో వినిపించేది కెళుత్తే. రెడ్‌హిల్స్ బుట్ట దగ్గర జరిగే భాషా పంచాయితీ 200 ఏళ్ల కిందటే పుస్తకాలకెక్కింది.

ఇక దస్తావేజులు పోయిన కేసులు. టి.సి. జెర్డాన్ మద్రాసు సైన్యంలో వైద్యుడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. కలివికోడిని శాస్త్రానికి పరిచయం చేసింది ఆయనే. దక్షిణాది మంచినీటి చేపల మీద 1849లో మద్రాసు పత్రికలో రాస్తూ కొన్ని జెల్లలకు పేర్లు పెట్టాడు. కానీ ఏ చేపను చూసి రాశాడో ఆ చేపను దాచలేదు. హామిల్టన్ కూడా అంతే. గంగానది చేపల మీద ఆయన పని మనకు మిగిల్చింది వర్ణనలూ, స్థానిక చిత్రకారుడు గీసిన బొమ్మలే. సీసాలో చేప లేదు. ఎవరి వర్ణన కింద చేప లేదో, ఆ పేరు గాల్లో వేలాడుతున్నట్టే. తర్వాత వచ్చిన ఫ్రాన్సిస్ డే, ఆయన కూడా మద్రాసు సైన్యం వైద్యుడే, చేపలను జాగ్రత్తగా దాచాడు. అయితే అవి కోల్‌కతా, లండన్, లైడెన్, వియన్నా, సిడ్నీ అని తలా ఒక చోటికీ చేరాయి. నాగలాపురం జెల్లను పోల్చి చూడాలంటే ఈ ఊళ్లన్నిటికీ పోవాలి, లేదా అక్కడివాళ్లను బతిమాలి ఫోటోలు, ఎక్స్‌రేలు తెప్పించుకోవాలి. ఈ విషయంలో ఇక్కడి పరిశోధకులకు వచ్చే టెన్షన్ యూరప్‌లో కూర్చుని రాసేవాళ్లకు ఉండదు. చేప మనది, దాని కాగితం వాళ్ల దగ్గర.

మార్పు చేప పేరు మారిన వైనం

దస్తావేజు సరిగ్గా చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి మార్పు చేప చాలు. తెలుగులో దాని పేరే మార్పు. నీళ్లు తగ్గినా గాలి పీల్చుకుని బురదలో బతకగలదు. ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్లకు బలమని వండిపెట్టే చేప. దీన్ని పాఠ్యపుస్తకాలు, హేచరీలు, పరిశోధన వ్యాసాలు అన్నీ దశాబ్దాలపాటు క్లేరియస్ బాట్రాకస్ అనే రాశాయి. ఆ పేరు లిన్నేయస్ 1758లో పెట్టినది. 2008లో ఇద్దరు చేపల శాస్త్రవేత్తలు ఆ పేరు అసలు ఎవరిదో తవ్వి తీశారు. దానికి ఆధారంగా జావా చేపనొకదాన్ని కొత్తగా నిర్ణయించారు. దాంతో మన మార్పు ఆ పేరుకు దూరమైంది. 1822లో హామిల్టన్ పెట్టిన మాగుర్ అన్న పేరే దానికి దక్కింది. ఇప్పుడది క్లేరియస్ మాగుర్.

పేరు మారితే ఏం పోయింది, చేప అదే కదా అనిపించవచ్చు. పోయింది చాలానే ఉంది. ఒకే పేరు కింద ఆగ్నేయాసియా అంతా పరుచుకున్న చేప అయితే దానికేం ముప్పు ఉంటుంది? వేరే చేసి చూసేసరికి మాగుర్ అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాకెక్కింది. ఇంకా విచిత్రం, మార్కెట్లో మార్పు పేరుతో అమ్మేదాంట్లో ఆఫ్రికా క్యాట్‌ఫిష్ కలుస్తుంది. 2000లోనే కేంద్రం దాని పెంపకాన్ని నిషేధించింది. అయినా కోడి వ్యర్థాలు వేసి దొంగచాటుగా పెంచుతున్నారని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వార్తలు వస్తూనే ఉంటాయి. వాట్సాప్‌లో తిరిగే 'వింత చేప' ఫోటోల సంగతీ ఇదే. ఒళ్లంతా పలకల్లాంటి కవచంతో ఉండే దెయ్యం చేపను చూసి కొత్త జాతి అని సంబరపడతారు. అక్వేరియం వ్యాపారంలో దక్షిణ అమెరికా నుంచి వచ్చి, ఎవరో చెరువులో వదిలేస్తే పెరిగిన చేప అది. చెన్నై చుట్టుపక్కలా, ఆంధ్ర చెరువుల్లోనూ వలలు చింపుతోంది. వింతగా కనిపించే చేప ఎక్కడినుంచో వచ్చినది కావడానికే ఎక్కువ అవకాశం. కొత్త జాతి చూడటానికి మామూలుగా, విసుగొచ్చేంత మామూలుగా ఉంటుంది.

ట్రే మీద ఒక జెల్ల

నాగలాపురం జెల్లకే తిరిగొద్దాం. వాగులోంచి తీసిన చేపను వెంటనే గాజుతొట్టిలో పెట్టి ఫోటో తియ్యాలి. కారణం రంగు. బతికున్నప్పుడు పక్కలమీద కనిపించే లేత నీలం, మొప్ప వెనక నల్లమచ్చ అంచు, రెక్కల పసుపు, ఇవేవీ చేప కుళ్లకుండా వేసే ఫార్మలిన్‌లో నాలుగు రోజులు ఉండవు. అంతా గోధుమరంగుకు తిరుగుతుంది. ఫోటో అయ్యాక కుడివైపు రెక్క నుంచి చిన్న ముక్క కత్తిరించి ఆల్కహాల్‌లో వేస్తారు, డీఎన్ఏ కోసం. ఈ వరుస తప్పకూడదు. ఫార్మలిన్ తగిలాక ఆ కణజాలం నుంచి డీఎన్ఏ తియ్యడం నరకం. ఎడమవైపు మాత్రం ముట్టుకోరు. కొలతలన్నీ ఎడమవైపు తీసుకోవడం ఆనవాయితీ. తర్వాత 10 శాతం ఫార్మలిన్, కొన్నాళ్లకు కడిగి 70 శాతం ఆల్కహాల్.

కొలతల రోజు ట్రే మీద తడిగుడ్డ, దాని మీద చేప, చేతిలో డిజిటల్ కాలిపర్. మూతి కొన నుంచి తోకరెక్క మొదలు దాకా ఒక కొలత. తోకను లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే దాని చివర్లు చిరిగి ఉంటాయి. ఈ పొడవును 100 అనుకుని మిగతావన్నీ దాంట్లో శాతాలుగా రాస్తారు. తల పొడవు, కన్ను వెడల్పు, కళ్ల మధ్య దూరం, కొవ్వు రెక్క పునాది, తోక కాడ లోతు. మిల్లీమీటరులో పదో వంతు వరకు, ఒక్కో చేపకు పాతిక ముప్పై కొలతలు. ఇలా ఒక చేప కాదు, దొరికినన్ని చేపలు.

పొలుసుల చేపల మీద పనిచేసేవాళ్లకు ఒక సుఖం ఉంటుంది, పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు. పక్కగీత మీద 24 పొలుసులా, 27 పొలుసులా అన్నది గట్టి సాక్ష్యం. మీసాల చేపకు పొలుసులే లేవు. ఆ సాక్షి మొదటే తప్పుకున్నట్టు. ఇక మిగిలింది ఎముకలు, మీసాలు, ముళ్లు. జెల్లకు నాలుగు జతల మీసాలు. పైదవడ మీసం అన్నిటికన్నా పొడుగు. మిస్టస్ కవేసియస్‌లో అది తోక దాకా, ఒక్కోసారి తోక దాటి పోతుంది. మంచి గుర్తే అనిపిస్తుంది. కానీ మీసాలు తెగుతాయి, ఇంకో చేప కొరుకుతుంది. పైగా జెల్ల చిన్నప్పుడు ఒంటితో పోలిస్తే మీసం పొడుగు, పెరిగేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతుంది. ఒక వాగులోని ఆరు సెంటీమీటర్ల పిల్లలనూ, మ్యూజియం సీసాలోని పద్నాలుగు సెంటీమీటర్ల పెద్దచేపనూ పక్కపక్కన పెట్టి 'మీసం పొడవులో తేడా ఉంది, కాబట్టి కొత్త జాతి' అని రాస్తే, అది రెండు జాతుల తేడా కాదు, రెండు వయసుల తేడా. ఇలాంటి వ్యాసాలు అచ్చయ్యాయి కూడా. గుడ్లతో ఉన్న ఆడచేప పొట్ట లోతును ఎండాకాలపు మగచేపతో పోల్చినా అదే తప్పు.

అందుకే ఒంట్లో త్వరగా మారని వాటి మీద ఎక్కువ ఆధారపడతారు. తలపైన నడుమ ఉండే గాడి ఎంతవరకు పోయింది, తల వెనక ఎముక వెన్ను రెక్క కింది ఎముకను తాకిందా లేదా, మొదటి మొప్ప విల్లు మీద దువ్వెన పళ్లలాంటివి ఎన్ని, వెన్నుపూసలు ఎన్ని. చివరిది ఎక్స్‌రేలోనే తేలుతుంది. లేకపోతే ఒక చేపను త్యాగం చేసి కండను పారదర్శకం చేసి ఎముకలకు అలిజరిన్ ఎర్రరంగు పట్టించాలి. గాజులాంటి ఒంట్లో ఎర్రటి అస్థిపంజరం తేలుతూ కనిపిస్తుంది. ఈ పని మొత్తంలో అందమైనది అదొక్కటే.

ఇక పక్కముల్లు. దాని లోపలి అంచున రంపపు పళ్లుంటాయి. ఎన్ని ఉన్నాయి, ఏ వైపు వంగాయి అన్నది ముఖ్యమైన గుర్తు. జెల్లను వలలోంచి తీసేటప్పుడు ఆ ముల్లు అడ్డంగా నిలబడి తాళం వేసినట్టు బిగుసుకుంటుంది, ఎముక గూట్లో రాపిడితో కిర్రుమని చప్పుడు కూడా చేస్తుంది. పట్టేవాళ్లు మొదట విరిచేది దాన్నే. అంటే రెడ్‌హిల్స్ బుట్టలో ఉన్న చేప ఎంత తాజాదైనా, సాక్ష్యం సగం పోయాకే అక్కడికి వస్తోంది. మార్కెట్లో దొరికిన చేప మీద జాతి వర్ణన రాయాలనుకునేవాళ్లు ముందు చేపలవాళ్లతో స్నేహం చేసుకుని, ఇవాళ నాలుగు చేపలకు ముల్లు విరవొద్దని చెప్పుకోవాలి.

డీఎన్ఏ ఒక సాక్షి మాత్రమే

ఇంత తలనొప్పి ఎందుకు, డీఎన్ఏ చూస్తే పోలేదా అనడం ఇప్పుడు మామూలైంది. మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్కను జాతులకు బార్‌కోడ్‌లా వాడొచ్చని 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించింది. చేపల్లో అది బాగానే పనిచేస్తోంది. నాగలాపురం జెల్ల ముక్కను అందరికీ అందుబాటులో ఉన్న డేటాబేస్‌తో పోలిస్తే గంటలో జవాబొస్తుంది. ఆ జవాబును ఎంత నమ్మాలన్నదే ప్రశ్న. డేటాబేస్‌లో 'విట్టాటస్' అని ఉన్న డీఎన్ఏ అక్షరాల వరుస ఎవరో ఒకరు ఏదో ఒక చేపను చూసి పంపినదే. ఆ చేప తప్పుగా గుర్తించినదైతే, దాంతో సరిపోలినవన్నీ తప్పే. ఆధార్‌లో పుట్టినతేదీ తప్పు పడితే పాన్ నుంచి పాస్‌పోర్టు దాకా అదే తప్పు నడిచినట్టు.

పైగా ఎంత తేడా ఉంటే వేరే జాతి? రెండు శాతమా, మూడా? అందరూ ఒప్పుకున్న గీత లేదు. మైటోకాండ్రియా తల్లి నుంచి మాత్రమే వస్తుంది కాబట్టి సంకరం జరిగితే తండ్రి సంగతి అందులో కనపడదు. డీఎన్ఏ, ఎముకలు, దొరికిన చోటు, మూడూ ఒకే మాట చెబితే కేసు గట్టిది. ఒక్క డీఎన్ఏ మీద నిలబెట్టిన జాతిని నమ్మడానికి పెద్దగా కారణం కనిపించదు. డీఎన్ఏ అసలు చూడకుండా, రెండు మూడు చేపల మీసాలు కొలిచి పెట్టిన పేర్లను నమ్మడానికి అంతకన్నా తక్కువ కారణం ఉంది.

పూండిలో ఉన్నది ఏ నది చేప?

మూడో సాక్షి, అంటే దొరికిన చోటు, చెన్నై చుట్టూ మరీ తడబడుతుంది.

పూండి జలాశయం కోసస్తలైయార్ మీద 1944లో కట్టినది. ఆ నదికి వచ్చే నీళ్లలో కొంత నగరి వైపు నుంచి, అంటే ఆంధ్ర నుంచి దిగుతుంది. అరణియార్ కూడా నాగలాపురం కొండల వైపు పుట్టి, పిచ్చాటూరు జలాశయం దాటి, తమిళనాడులోకి వచ్చి పులికాట్‌లో కలుస్తుంది. చేపకు రాష్ట్ర సరిహద్దు తెలియదు కాబట్టి ఇంతవరకు ఇబ్బంది లేదు. ఇబ్బంది కాలువతో మొదలైంది. ఎన్టీఆర్, ఎంజీఆర్ 1983లో కుదుర్చుకున్న తెలుగుగంగ ఒప్పందం ప్రకారం శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లు వెలుగోడు, బ్రహ్మంగారిమఠం మీదుగా పెన్నా మీది సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు, కండలేరు నుంచి కాలువలో పూండికి రావాలి. 1996లో ఆ నీళ్లు మొదటిసారి చేరాయి. చెన్నై కుళాయిల్లో కృష్ణమ్మ వస్తోందని తెలుగువాళ్లు గర్వంగా చెప్పుకునేది దీని గురించే.

చేపల శాస్త్రం వైపు నుంచి చూస్తే, వేల ఏళ్లు విడివిడిగా ఉన్న మూడు నదులకు మధ్య తలుపు తెరిచినట్టు. గుడ్లు, పిల్లలు నీళ్లతో కొట్టుకురాగలవు. ఇది చాలదని జలాశయాల్లో ఏటా చేపపిల్లలను వదులుతారు. బొచ్చె, రోహు పిల్లల డబ్బాల్లో ఇంకేం కలిసి వస్తాయో ఎవరూ ఏరి చూడరు. ఇప్పుడు పూండిలో పట్టిన జెల్ల కృష్ణాదా, పెన్నాదా, కోసస్తలైయార్‌దా? ఆ చేపకు పేరు పెట్టి 'పూండి జలాశయం, తమిళనాడు' అని రాస్తే, దస్తావేజులో హద్దులు రాయనట్టే. ఇక 2019 వేసవి. చెంబరంబాక్కం, పుళల్ జలాశయాలు అడుగు కనిపించేలా ఎండిపోయాయి, నగరం ట్యాంకర్ల వెనక పరుగెత్తింది. అక్కడ ఇవాళ ఉన్న చేపల్లో ఎక్కువ భాగం ఆ తర్వాత ఎక్కడి నుంచో వచ్చినవే కావాలి. అందుకే ఈ ప్రాంతంలో కొత్త జెల్ల ఉందని ఎవరైనా వాదిస్తే, జలాశయం చేప కన్నా కాలువ అందని పైవాగు చేపకే బలమైన కేసు ఉంటుంది. నాగలాపురం ఉదాహరణ తీసుకున్నది అందుకే.

అక్కడ కూడా ఒక ముడి మిగులుతుంది. రెండు చేపలు కలిసి పిల్లల్ని కనలేకపోతే వేరే జాతులని బడిలో చదువుకుంటాం. కానీ నాగలాపురం వాగు జెల్లా, కావేరి డెల్టా జెల్లా సహజంగా ఎప్పుడూ కలుసుకోవు. కలిస్తే ఏమయ్యేదో తెలుసుకునే దారి లేదు. తేడాలు ఎంత స్థిరంగా ఉన్నాయో చూసి, ఇవి చాలు అనో చాలవు అనో మనిషే తేల్చాలి. కొత్త జాతి అన్నది ఎప్పటికీ ఒక వాదన. రేపు ఎవరైనా ఇంకా ఎక్కువ చేపలు కొలిచి, మధ్యస్థంగా ఉన్నవాటిని చూపిస్తే ఆ పేరు పాత పేరులో కలిసిపోతుంది.

పేరు, సీసా

వాదన నిలుస్తుందనుకుంటే మిగిలినది కాగితప్పని. ఒక్క చేపను హోలోటైప్‌గా ఎంచాలి. ఆ పేరు ఇక ఎప్పటికీ ఆ చేపకు కట్టుబడి ఉంటుంది. మిగిలినవి పారాటైపులు. 2000 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నియమావళి ప్రకారం పేరుకు ఆధారమైన నమూనా ఏదో స్పష్టంగా చెప్పకపోతే ఆ పేరు చెల్లదు. ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తే, జంతువుల పేర్ల అధికారిక రిజిస్టరైన జూబ్యాంక్‌లో ముందే నమోదు కావాలి. మన చట్టం ఇంకొకటి అడుగుతుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 39వ సెక్షన్ ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవాళ్లు నిర్దేశించిన సంస్థకు తెలియజేసి, నమూనాను అక్కడ జమచెయ్యాలి. ఈ చట్టాన్ని నడిపే జాతీయ జీవవైవిధ్య సంస్థ ప్రధాన కార్యాలయం చెన్నైలోనే, తరమణిలో ఉంది. జువలాజికల్ సర్వే దక్షిణ ప్రాంతీయ కేంద్రం శాంథోమ్‌లో. జెర్డాన్ చేయని పనిని చట్టంలో పెట్టి చేయిస్తున్నారన్నమాట. ఇది మంచి సెక్షన్.

పేర్ల విషయంలో మాత్రం స్వేచ్ఛ ఎక్కువే. ఏ భాష మాటైనా లాటిన్ లిపిలో రాస్తే చాలు. కర్ణాటక పశ్చిమ కనుమల ముదురురంగు జెల్లకు 2022లో మిస్టస్ ఇరులు అని పేరు పెట్టారు. కన్నడంలో ఇరుళు అంటే రాత్రి. పాత తెలుగు పద్యాలు చదివినవాళ్లకు ఆ మాట కొత్తేం కాదు. కేరళలో ఇంకా ముచ్చటైన సంగతి జరిగింది. భూగర్భజలంలో బతికే, కళ్లు లేని, వేలెడు పొడవైనా లేని, నెత్తురు రంగు పైకి కనిపించే మీసాల చేపలు కొన్ని ఊళ్లలో బావి నీటితో పాటు బయటికి వస్తాయి. అవి కనిపించినప్పుడల్లా జనం పరిశోధకులకు చెబుతూ వచ్చారు. అలా తేలిన కొత్త జాతికి 2023లో హోరాగ్లానిస్ పోపులి అని పేరు పెట్టారు, జనం పేరు మీద. గొప్పవాళ్ల పేర్లు పెట్టి శాలువా కప్పే అలవాటున్న చోట ఇది బాగుంది.

ఇంత తతంగానికి పట్టే కాలం గురించి ఫ్రాన్స్ పరిశోధకులు 2012లో ఒక లెక్క తీశారు. ఒక నమూనాను సేకరించిన రోజు నుంచి అది కొత్త జాతిగా అచ్చయ్యే దాకా సగటున 21 ఏళ్లు. ఆ జీవి అన్నేళ్లూ ఏదో అలమారాలో, తప్పు పేరో 'జాతి తెలియదు' అనో రాసిన చీటీతో ఉంటుంది. మన మ్యూజియం సీసాల్లో విట్టాటస్ చీటీ అంటించుకున్న జెల్లలను మళ్లీ తీసి చూడటానికి వాగుల్లో దిగాల్సిన పని కూడా లేదు.

అయితే వాటిని దేనితో పోల్చాలి అన్న ప్రశ్నకు జవాబు ఈస్ట్ కోస్ట్ రోడ్డు దారిలో ఉంది. చెన్నై చుట్టూ కొత్త జెల్ల ఉందని ఎవరు రాయబోయినా, ముందు బస్సెక్కాల్సింది తరంగంబాడికి. 230 ఏళ్ల కిందట జాన్ చేపలు పంపిన ఊరి చెరువుల్లో, కాలువల్లో ఇప్పుడున్న జెల్లలను, చిన్నవీ పెద్దవీ, ఆడవీ మగవీ, తగినన్ని పట్టాలి. పట్టేవాళ్లకు ముల్లు విరవొద్దని ముందే చెప్పాలి. ఫోటో తీశాక కుడి రెక్క ముక్క ఆల్కహాల్‌లోకి, ఆ తర్వాతే చేప ఫార్మలిన్‌లోకి.